ఒక్క డిగ్రీ ఖరీదెంత?

గోల్ఫ్ హోల్ వ్యాసం 4.25 అంగుళాలు. బంతి వ్యాసం 1.68 అంగుళాలకు తగ్గకూడదు. ఏ కోర్సుకు వెళ్లినా ఈ రెండు అంకెలూ మారవు. గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లోనైనా, విశాఖ ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్‌లోనైనా, అమెరికాలోని అగస్టాలోనైనా ఇంతే. పటర్, అంటే గ్రీన్ మీద బంతిని హోల్లోకి దొర్లించే క్లబ్బు, కొనబోయేవాళ్లు ధర చీటీ చూసేముందు ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది.

బంతి హోల్లో పడాలంటే దాని మధ్యబిందువు హోల్ అంచు దాటి లోపలికి రావాలి. అంటే హోల్ మధ్య నుంచి అటు 2.125 అంగుళాలు, ఇటు 2.125 అంగుళాలు. ఆ మేరకే తప్పు చెల్లుతుంది. ఇదీ మెల్లగా వచ్చే బంతి సంగతే; వేగంగా వస్తే అంచు తాకి బయటికి తిరిగిపోతుంది కాబట్టి ఆ వెసులుబాటు ఇంకా కుంచించుకుపోతుంది. పది అడుగులంటే 120 అంగుళాలు. పటర్ ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి తగిలితే అంత దూరంలో బంతి 2.1 అంగుళాలు తప్పుతుంది. చదునైన గ్రీన్ మీద పది అడుగుల పట్‌కు మీకున్న మొత్తం వెసులుబాటు అన్నమాట ఆ ఒక్క డిగ్రీ. ఇరవై అడుగులకైతే అర డిగ్రీ. ఐదడుగులకు రెండు, మూడడుగులకు మూడుకు కాస్త పైన. గోడ గడియారంలో నిమిషాల ముల్లు పది సెకన్లలో కదిలేది సరిగ్గా ఒక డిగ్రీ. కళ్లప్పగించి చూసినా ఆ కదలిక ఆనదు.

బంతి బయల్దేరే దిశను తేల్చేది ప్రధానంగా ఫేస్ ఎటు చూస్తోందన్నదే. కొలిచే యంత్రాన్ని బట్టి అంకె కాస్త మారుతుంది గానీ, దాని వాటా 80 శాతానికి పైనే. పటర్ ఊగే దారిది మిగతా వాటా. కాబట్టి మంచి పటర్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పొచ్చు: మీ చేతిలో, మీరు నిలబడే తీరులో, ఫేస్‌ను ఆ ఒక్క డిగ్రీ లోపలికి తిరిగి తెచ్చేది. కొనేటప్పుడు వేసే ప్రతి ప్రశ్నా ఇక్కడికే రావాలి. పేరున్న కంపెనీయా, ఏ ఆటగాడు వాడుతున్నాడు, ఏ రంగు అన్నవి ఆ తర్వాతి మాటలు.

పటర్ మహా అయితే ఎంత ఇవ్వగలదు?

కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ అమెరికా పీజీఏ టూర్ కొలిచిపెట్టిన లక్షల షాట్లను తిరగేసి, 2014లో ఒక పుస్తకం రాశారు. పటింగ్ గురించి తరతరాలుగా చెప్పుకుంటున్న మాటల్లో ఏది నిజమో, ఏది కాదో తేల్చిన పుస్తకం అది. పీజీఏ టూర్ ఆటగాళ్లు మూడడుగుల నుంచి వందకు 96 వేస్తారు. ఐదడుగుల నుంచి 77, ఎనిమిది నుంచి సరిగ్గా 50, పది నుంచి 40, ఇరవై నుంచి 15. ప్రపంచంలోకెల్లా మేటి చేతులు, అద్దంలాంటి గ్రీన్లు, అయినా ఎనిమిది అడుగుల పట్ బొమ్మా బొరుసే. ఈ సంగతి తెలిస్తే ఆదివారం ఉదయం ఆరడుగుల పట్ తప్పిందని పటర్ మీద విరుచుకుపడేవాళ్లకు కొంచెం ఊరట.

అదే 90 స్కోరు దగ్గర ఆడే మామూలు గోల్ఫర్ మూడడుగుల నుంచి 84 శాతం, ఐదడుగుల నుంచి 50, పది అడుగుల నుంచి 20 శాతం వేస్తాడు. ముప్పై అడుగుల నుంచి ప్రొఫెషనల్ మూడు పట్లు తీసుకునేది వందలో ఐదుసార్లయితే, ఇతను 18సార్లు తీసుకుంటాడు.

ఇప్పుడు అసలు లెక్క. 90 కొట్టేవాడికీ 80 కొట్టేవాడికీ మధ్య పది స్ట్రోకులుంటే, అందులో పటింగ్ వాటా సుమారు ఒకటిన్నర. మిగతావన్నీ టీ నుంచి, ఫెయిర్‌వే నుంచి, గ్రీన్ చుట్టుపక్కల నుంచి పోయినవే. రౌండ్‌లో 40 శాతం దాకా స్ట్రోకులు గ్రీన్ మీదే పడతాయన్నది నిజమే. కానీ వాటిలో చాలావరకు చిన్నా పెద్దా అందరూ వేసే అడుగు, రెండడుగుల పట్లు. తేడా పుట్టేది మిగతావాటి దగ్గర. చేతికి సరిపడని పటర్ తీసేసి సరిపడేది పట్టుకుంటే రౌండ్‌కు ఒక స్ట్రోకు కలిసొస్తే గొప్ప లాభమే. ఏ కంపెనీ ప్రకటన అంతకంటే ఎక్కువ ఆశ పెట్టినా ఈ ఒకటిన్నర అంకె గుర్తు తెచ్చుకోండి.

ఆ ఒక్క స్ట్రోకు కోసం ఎంత పెట్టొచ్చు? పటర్ అనేది డ్రైవర్‌లా రెండేళ్లకోసారి పాతబడిపోయే వస్తువు కాదు. పదేళ్లు వాడుకోవచ్చు. ఏడాదికి 40 రౌండ్లు, రౌండ్‌కు 34 పట్లు అనుకుంటే పదేళ్లలో 13,600 పట్లు. డాలరుకు 85 రూపాయల చొప్పున లెక్కేస్తే 130 డాలర్ల పటర్ సుమారు 11,000 రూపాయలు. పట్‌కు 81 పైసలు. 450 డాలర్లది 38,000 పైచిలుకు. పట్‌కు 2 రూపాయల 81 పైసలు. ఇలా చూస్తే ఖరీదైనదీ భరించలేనంత కాదనిపిస్తుంది. నిజంగానే కాదు. నచ్చి, స్తోమత ఉండి కొనుక్కుంటే తప్పేమీ లేదు. అయితే ఆ రెండు రూపాయల తేడా దేనికి పోతోందో తెలిసి కొనాలి.

ధరలో ఏముంది?

అమెరికాలో విల్సన్, క్లీవ్‌ల్యాండ్ కంపెనీల మామూలు పటర్లు సుమారు 100 నుంచి 150 డాలర్ల మధ్య దొరుకుతాయి. ఒడిస్సీ వైట్ హాట్ రకం 200 దాటి 250 దాకా. టేలర్‌మేడ్ స్పైడర్ రకాలు 300 పైన. స్కాటీ క్యామెరాన్, ల్యాబ్ గోల్ఫ్ 450కి అటూ ఇటూగా మొదలవుతాయి. భారత్‌కు వచ్చేసరికి దిగుమతి ఖర్చు, డీలర్ లాభం కలిసి ఇంకా పెరుగుతాయి.

కింది మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్తే మారేవాటిలో మొదటిది తయారీ పద్ధతి. చౌక పటర్ తలను ఉక్కు కరిగించి అచ్చులో పోస్తారు. ఖరీదైనదాన్ని ఉక్కు దిమ్మ నుంచి కంప్యూటర్ నడిపే యంత్రంతో చెక్కుతారు. చెక్కినదాని అంచులు తీర్చినట్టుంటాయి, కొలతల్లో తేడా తక్కువ, చేతికి తెలిసే తగులుడు, చెవికి వినిపించే చప్పుడు హుందాగా ఉంటాయి. ముట్టుకుంటే తేడా తెలుస్తుంది. కానీ ఫేస్‌ను ఆ ఒక్క డిగ్రీ లోపల నిలబెట్టడంలో చెక్కడానికీ పోతపోయడానికీ నేను చెప్పుకోదగ్గ తేడా చూడలేదు. మీ పొడవుకు సరిపడని 450 డాలర్ల పటర్ కన్నా సరిపడే 130 డాలర్లది ముమ్మాటికీ మేలు.

రెండోది ఆకారం. ఇక్కడ కొనేవాళ్లకు చరిత్ర చేసిన మేలు ఒకటుంది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజినీర్ కార్‌స్టెన్ సోల్‌హైమ్ జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం చేస్తూ, 1959లో కాలిఫోర్నియాలోని తన ఇంటి గ్యారేజీలో మొదటి పింగ్ పటర్ తయారుచేశారు. బంతి తగిలినప్పుడు అది మోగే తీరు నుంచే పింగ్ అన్న పేరు వచ్చింది. అంతకుముందు పటర్లలో బరువంతా తల మధ్యలో ఉండేది. సోల్‌హైమ్ ఆ బరువును రెండు చివరలకూ, అంటే టో (షాఫ్ట్‌కు దూరపు కొన) వైపు, హీల్ (షాఫ్ట్ దగ్గరి కొన) వైపు, జరిపారు. బరువు కేంద్రానికి దూరమయ్యేకొద్దీ తల తిరగడానికి మొండికేస్తుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న జడత్వ భ్రామకమే ఇది. బంతి ఫేస్ మధ్యలో కాక అర అంగుళం పక్కన తగిలినా తల అంతగా మెలితిరగదు, దూరం మరీ తగ్గిపోదు. 1966లో ఆయనే రూపొందించిన ఆన్సర్ అనే పటర్ ఈ సూత్రానికి నిండు రూపం. మరుసటి ఏడాది అమెరికా ఆటగాడు జూలియస్ బోరోస్ దానితో ఫీనిక్స్ ఓపెన్ గెలవడంతో అది జనంలో పడింది. ఈ రోజు షాపులో కనిపించే, సన్నటి తల ఉన్న బ్లేడ్ పటర్లలో ఎక్కువ భాగం, టైగర్ వుడ్స్ చేతిలోని న్యూపోర్ట్ 2తో సహా, ఆ ఆకారపు వారసులే. దాని పేటెంట్ గడువు తీరి దశాబ్దాలైంది. అంటే పటర్ చరిత్రలోకెల్లా విలువైన ఆలోచన ఇవాళ వంద డాలర్ల పటర్‌లోనూ పూర్తిగా ఉంది, దానికి విడిగా ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. పెద్ద తల ఉన్న మ్యాలెట్లు అదే సూత్రాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాయి. బరువును వెనక్కీ, పక్కలకూ నెట్టి తల ఇంకా స్థిరంగా ఉండేలా చేశాయి. 2001లో వచ్చిన ఒడిస్సీ టూ-బాల్ తల మీద బంతి సైజు తెల్ల వలయాలు రెండు వేసి, గురి చూసుకోవడం తేలిక చేసింది. ఆ సాయం కూడా ఇప్పుడు చౌక మ్యాలెట్లలో దొరుకుతోంది.

మూడోది పేరు. టైగర్ వుడ్స్ కోసం అదనంగా చేసిపెట్టిన స్కాటీ క్యామెరాన్ పటర్ ఒకటి 2021లో వేలానికొస్తే 3,93,300 డాలర్లు పలికింది. ఆ అంకె పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. టెక్సస్ కుర్రాడు బెన్ క్రెన్‌షా పదిహేనేళ్ల వయసు ప్రాంతంలో తన కోచ్ హార్వీ పెనిక్ షాపులో 20 డాలర్ల విల్సన్ 8802 ఒకటి ఎంచుకున్నాడు. లిటిల్ బెన్ అని పేరుపడ్డ ఆ పటర్‌తోనే 1984లో అగస్టాలో జరిగే మాస్టర్స్ గెలిచాడు. పదకొండేళ్ల తర్వాత, 1995లో, మళ్లీ దానితోనే గెలిచాడు. ఆ నాలుగు రోజుల్లో అగస్టా గ్రీన్ల మీద ఒక్క చోటా మూడు పట్లు తీసుకోలేదు. విల్సన్ 8802 సన్నటి, తేలికైన బ్లేడ్. ఇప్పటి కొలతల్లో చూస్తే తప్పును అస్సలు క్షమించని తల. అయినా ఆ చేతికి అది అతికింది. 20 డాలర్లదే కొనమని కాదు, క్రెన్‌షా చెయ్యి అందరికీ ఉండదు కూడా. ధరకూ సరిపోవడానికీ సంబంధం ఎంత పలుచనో చూపడానికే ఈ మాట.

సరిపోవడమంటే

ముందు పొడవు. షాపుల్లో వరుసగా వేలాడేవాటిలో 34, 35 అంగుళాలవే ఎక్కువ. ఐదున్నర అడుగుల మనిషి సహజంగా వంగి నిలబడితే 33 చాలాసార్లు సరిపోతుంది, కొందరికి 32 కూడా. ఇది మన దగ్గర కొనేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని అంకె. ఆడవాళ్లకైతే షాపువాళ్లు మగవాళ్ల సైజే చేతికిచ్చి పంపడం పరిపాటి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. నేల మీద బంతి పెట్టి, చేతులు భుజాల కింద వదులుగా వేలాడేలా నిలబడి పటర్ పట్టుకోండి. తల కదల్చకుండా రెండో బంతిని ముక్కు దూలం దగ్గర నుంచి వదలండి. అది కింది బంతి మీద గానీ, దానికి ఒక అంగుళం లోపల, మీ పాదాల వైపు గానీ పడితే పొడవు బాగున్నట్టే. మూడు నాలుగు అంగుళాలు లోపల పడుతోందంటే పటర్ పొడవై మిమ్మల్ని వెనక్కి నెడుతోంది. అప్పుడు కళ్లు గీతకు పక్కగా ఉండి గురే తప్పుగా కనిపిస్తుంది. ఇంకొకరిని మోకాళ్ల మీద కూర్చుని పటర్ తల అడుగు చూడమనండి. టో గాల్లోకి లేచి, దాని కింద నాలుగైదు కాగితాలు దూరే సందుంటే అదీ పొడవు ఎక్కువైన గుర్తే, లేదా లై యాంగిల్ సరిపడని గుర్తు.

లై యాంగిల్ అంటే షాఫ్ట్‌కూ నేలకూ మధ్య కోణం. సాధారణంగా 70 డిగ్రీలు. నిబంధనల ప్రకారం 80 దాటకూడదు. లాఫ్ట్ అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, చాలా పటర్లలో 3 నుంచి 4 డిగ్రీలు. లై తప్పితే బంతి దారి తప్పుతుందని ఫిట్టర్లు గట్టిగా చెబుతారు. లెక్కేసి చూస్తే నాలుగు డిగ్రీల లై తేడాకు, మూడున్నర డిగ్రీల లాఫ్ట్ ఉన్న పటర్ ఫేస్ పక్కకు తిరిగేది పావు డిగ్రీ మాత్రమే. పది అడుగుల దగ్గర అర అంగుళం. మన వెసులుబాటులో నాలుగో వంతు పోయింది కాబట్టి తీసిపారేసేది కాదు, అలాగని దీనికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. లై తప్పితే వచ్చే పెద్ద నష్టం వేరు: గురి చెడిపోతుంది, బంతి ఫేస్ మధ్యలో తగలదు.

పొడవున్న పటర్‌ను కోయించుకోవచ్చు. గ్రిప్ తీసి, షాఫ్ట్ కోసి, కొత్త గ్రిప్ వేయడం క్లబ్బు షాపులో గంట పని. కాకపోతే అంగుళం కోస్తే ఊపులో తల బరువు తగ్గినట్టు తెలుస్తుంది. గోల్ఫ్ పనివాళ్ల కొలతలో అది సుమారు ఆరు పాయింట్లు. పాయింటుకు రెండు గ్రాముల లెక్కన తల అడుగున 12 గ్రాముల సీసపు పట్టీ అంటిస్తే తిరిగి సరిపోతుంది. సాధారణ పటర్ తల 340 నుంచి 360 గ్రాములుంటుంది, అందులో 12 గ్రాములు చేతికి బాగానే తెలుస్తాయి.

తర్వాత తూకం. పటర్‌ను అడ్డంగా, షాఫ్ట్ నేలకు సమాంతరంగా ఉండేలా ఒక వేలి మీద నిలబెట్టండి. ఫేస్ ఆకాశం వైపు చూస్తే దాన్ని ఫేస్ బ్యాలెన్స్‌డ్ అంటారు. టో నేల వైపు వేలాడితే టో హ్యాంగ్. విల్సన్ 8802 లాంటిది పూర్తిగా కిందికి వేలాడుతుంది, ఆన్సర్ రకం సగంలో ఆగుతుంది, చాలా మ్యాలెట్లు ఆకాశం చూస్తాయి. మీ స్ట్రోక్ సూటిగా వెనక్కీ ముందుకీ పోతుంటే ఫేస్ బ్యాలెన్స్‌డ్, విల్లులా వంపు తిరుగుతుంటే టో హ్యాంగ్ అన్నది ఫిట్టర్ల సూత్రం. మొదటి అంచనాగా ఇది పనికొస్తుంది. తుది తీర్పు మాత్రం బంతే చెప్పాలి.

గ్రిప్ గురించి ఒక్క మాట. కొరియా ఆటగాడు కె.జె. చోయ్ 2007లో లావుపాటి సూపర్‌స్ట్రోక్ గ్రిప్‌తో ఏటీ అండ్ టీ నేషనల్ గెలిచాక లావు గ్రిప్పులు ఊపందుకున్నాయి. మణికట్లు మరీ ఆడేవాళ్లకు అవి నిజంగానే ఉపయోగపడతాయి. పాత పటర్‌కు మార్చి చూడ్డం కొత్త పటర్ కొనడంలో చిన్న భాగం ఖర్చుతో అయిపోతుంది.

పది బంతులు ఏమీ చెప్పవు

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. షాపులో ఎనిమిది అడుగుల నుంచి పది బంతులు కొట్టి, ఏడు పడ్డాయని ఆ పటర్‌నే బిల్లు చేయించుకుని వెళ్లేవాళ్లు కోకొల్లలు.

అక్కడ నుంచి సగం బంతులు వేసే చెయ్యి మీది అనుకుందాం. పటర్‌తో సంబంధం లేకుండా, కేవలం బొమ్మా బొరుసు లెక్కన, పదికి ఏడో అంతకంటే ఎక్కువో పడే అవకాశం 1,024లో 176. అంటే 17 శాతం. ఆరుసార్లు కొడితే ఒకసారి. షాపులో అచ్చం ఒకేలాంటి ఆరు పటర్లు పెట్టి, ఒక్కోదానితో పదేసి కొట్టమంటే, వాటిలో కనీసం ఒకటి ఏడుకో అంతకంటే పైకో చేరే అవకాశం 68 శాతం. నిజానికి ఆరూ ఒకటే. కానీ వాటిలో ఒకటి మీ కళ్లకు అదృష్ట పటర్‌గా కనిపిస్తుంది, అది ఖరీదైనదైతే మీ పర్సు తేలికవుతుంది. యాభై శాతం పటర్‌నూ యాభై ఐదు శాతం పటర్‌నూ నమ్మకంగా వేరు చేయాలంటే ఒక్కోదానితో సుమారు 1,600 పట్లు కొట్టాలి. ఏ షాపూ మీకు అంత సమయమివ్వదు, నడుమూ ఒప్పుకోదు.

కాబట్టి పడ్డ బంతులు లెక్కపెట్టకండి. బయల్దేరిన దిశ చూడండి. బంతికి రెండడుగుల ముందు, గీతకు ఇటొకటి అటొకటిగా రెండు టీలు గుచ్చండి. ఇంట్లో తివాచీ మీదైతే రెండు సీసా మూతలు పెట్టండి. మధ్య సందు 64 మిల్లీమీటర్లు. బంతి వెడల్పు 42.7, మిగిలిన 21 మిల్లీమీటర్లలో ఇటు సగం, అటు సగం సరిగ్గా ఒక్కో డిగ్రీ. బంతి ఆ గేటులోంచి తాకకుండా పోయిందంటే ఫేస్ ఒక డిగ్రీ లోపలే ఉందన్నమాట. గ్రీన్ వాలు, గడ్డి, వేగం ఏవీ ఇందులో జోక్యం చేసుకోవు. పటర్, మీరు, అంతే.

ఇరవై బంతులు కొట్టి, ప్రతిదీ గీతకు ఏ వైపుగా పోయిందో రాసుకోండి. గేటు దాటినా, టీని తాకినా, ఎడమా కుడా అన్నది రాయాలి. పది ఎడమ, పది కుడి పడితే అది చేతి వణుకు, సాధనతో తగ్గుతుంది. పదిహేనో అంతకంటే ఎక్కువో ఒకే వైపు పోతే మాత్రం ఆగి ఆలోచించాలి. అదృష్టం వల్ల అలా జరిగే అవకాశం 4 శాతమే. ఆ పటర్ తల ఆకారమో, మీద గీసిన గీతలో, పొడవో మీ కళ్లను ఒక పక్కకు లాగుతోంది. ఇంకో పటర్‌తో అదే ఇరవై కొట్టి, ఒకే వైపు పోవడం తగ్గిందో లేదో చూడండి. పడ్డ బంతులు లెక్కపెడితే 1,600 పట్లకు గానీ తేలని మాట ఇలా నలభై చెబుతాయి, ఎందుకంటే సరిపడని పటర్ మీ బంతిని ప్రతిసారీ ఒకే వైపు నెడుతుంది. ఒక వైపుకే పోయే తప్పును కొద్ది బంతుల్లోనే పట్టుకోవచ్చు.

దూరం పరీక్ష వేరుగా పెట్టుకోవాలి. ముప్పై అడుగుల నుంచి పది బంతులు కొట్టి, మొదట ఆగినదానికీ చివర ఆగినదానికీ మధ్య ఎన్ని అడుగులో కొలవండి. ఆ అంతరం తక్కువున్న పటర్ మీకు మూడు పట్ల బెడద తగ్గిస్తుంది. 90 కొట్టేవాడికి ఆ దూరంలో ఉన్న 18 శాతం గుర్తుందిగా, అక్కడ తగ్గేది ఇదే.

టీవీలో గెలిచినది

2023 సీజన్‌లో అమెరికా ఆటగాడు స్కాటీ షెఫ్లర్ పీజీఏ టూర్ పటింగ్ లెక్కల్లో 162వ స్థానంలో ఉన్నాడు, మిగతా అన్నిట్లో దాదాపు మొదటివాడై కూడా. 2024 మార్చిలో బ్లేడ్ వదిలి టేలర్‌మేడ్ స్పైడర్ టూర్ ఎక్స్ మ్యాలెట్ పట్టాడు. పట్టిన తొలి టోర్నీ ఆర్నాల్డ్ పామర్ ఇన్విటేషనల్ గెలిచాడు, వెంటనే ప్లేయర్స్, ఏప్రిల్‌లో మాస్టర్స్. షాపుల్లో స్పైడర్ కోసం ఎగబడడం సహజం. అయితే అంతకు కొన్ని నెలల ముందే అతను ఫిల్ కెన్యన్ అనే పటింగ్ కోచ్ దగ్గర చేరాడు. ఎంత భాగం మ్యాలెట్‌ది, ఎంత భాగం కోచ్‌ది? బయటి నుంచి విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడాది మొత్తం చూస్తే పటింగ్‌లో 77వ స్థానం. బాగుపడ్డాడు, మాంత్రికుడు కాలేదు. మిగతా ఆట అంత గట్టిది కాబట్టి ఆ మాత్రం మెరుగే ఏడు టైటిళ్లకు సరిపోయింది.

2025 జూన్‌లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ ఆఖరి హోల్ దగ్గర జె.జె. స్పాన్ 64 అడుగుల పట్ వేసి గెలిచాడు. చేతిలో ల్యాబ్ గోల్ఫ్ డీఎఫ్3. జీరో టార్క్ రకం: వేలి మీద నిలబెట్టి ఎటు తిప్పి వదిలినా తల అక్కడే ఉండిపోతుంది, తనంతట తాను తిరగదు. ఆలోచన పటిష్ఠమైనదే, ఫేస్ తిప్పడంతో సతమతమయ్యేవాళ్లు తప్పక పట్టి చూడాలి. కానీ 60 అడుగుల నుంచి పీజీఏ టూర్ ఆటగాళ్లు వేసేది వందకు రెండు. ఆ ఒక్క పట్ చూసి 450 డాలర్లు తీయకండి, గేటు దగ్గర ఇరవై బంతులు చూసి తీయండి. ఈ రకం ఇప్పుడు ఇతర కంపెనీల్లోనూ వస్తోంది కాబట్టి, తొందరలేనివాళ్లకు మున్ముందు చౌకగా దొరుకుతుందని నా నమ్మకం.

పాతది కొనడం, తెప్పించుకోవడం

పటర్‌కు సెకండ్‌హ్యాండ్ మార్కెట్ దేవుడిచ్చిన వరం. డ్రైవర్ ఫేస్ పలుచన, కొట్టీ కొట్టీ పగులుతుంది. పటర్‌కు ఆ ఒత్తిడి లేదు. పదేళ్ల ఒడిస్సీ వైట్ హాట్, పింగ్ ఆన్సర్ రకాలు కొత్తవాటంత చక్కగా పనిచేస్తాయి. కొనేటప్పుడు షాఫ్ట్‌ను కంటి ఎత్తున పట్టి వంపు చూడండి, ఫేస్ మీద గంట్లు తడిమి చూడండి, ఇంతకుముందు ఎవరైనా కోశారేమో పొడవు టేపు పెట్టి కొలవండి. గ్రిప్ అరిగితే బేరానికి పనికొచ్చే సాకే తప్ప లోపం కాదు. స్కాటీ క్యామెరాన్ పేరుతో నకిలీలు విపరీతం. సగం ధరకు కొత్తది అంటూ ఎవరైనా చూపిస్తే, అది ఎంత మెరిసినా వదిలేయండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, పిన్ని కొడుకో తెచ్చిపెడతాడనుకుంటే ముందే చెప్పండి: గోల్ఫ్ క్లబ్బులు విమానంలో చేతి సంచీతో పైకి తీసుకెళ్లనివ్వరు, పటర్ కూడా అందులోకే వస్తుంది. చెకిన్ లగేజీలోనే రావాలి. ఇంకోటి, అక్కడ షాపులో అతను పట్టి చూసి బాగుందన్నది అతనికి బాగున్నట్టు. మీ పొడవు, మీకు కావలసిన తూకం అంకెల్లో రాసి పంపండి. పొడవు 33, ఫేస్ బ్యాలెన్స్‌డ్, తల 350 గ్రాములు అని చెబితే పొరపాటుకు చోటుండదు.

మన వేడి ప్రాంతాల గ్రీన్లు ఎక్కువగా బెర్ముడా గడ్డివి, వినాయకుడికి వేసే గరిక జాతే. వర్షాకాలంలో గుబురుగా పెరిగి గ్రీన్ మందగిస్తుంది. బంతి గడ్డిలో కాస్త దిగి కూర్చుంటుంది కాబట్టి ఒక డిగ్రీ లాఫ్ట్ ఉన్న పటర్ దాన్ని పైకి తీయలేక నేలకేసి నొక్కుతుంది. అమెరికా టూర్ గ్రీన్ల కోసం లాఫ్ట్ బాగా తగ్గించిన పటర్ ఇక్కడ పనికిరాకపోవచ్చు. మూడు, నాలుగు డిగ్రీలు ఉంచుకోవడం క్షేమం.

పిల్లల సంగతి విడిగా చెప్పాలి. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన సాహిత్ తీగల 2023 సెప్టెంబర్‌లో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలవడం చూసి, పిల్లల్ని గోల్ఫ్‌లో పెట్టాలనుకునే తెలుగు తల్లిదండ్రులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. వాళ్లు చేసే పని, నాన్న పాత పటర్ కోసి ఇవ్వడం. పొడవు సరిపోతుంది గానీ తల బరువు తగ్గదు, 350 గ్రాములుగానే ఉండిపోతుంది. ఎనిమిదేళ్ల చేతికి అది బరువు, మణికట్టు వంచి లాగడం అలవాటవుతుంది, ఆ అలవాటు ఓ పట్టాన పోదు. పిల్లల కోసమే చేసిన తేలిక తల పటర్ వాడినది కొనండి, ఎత్తు పెరిగాక అమ్మేసి తర్వాతి సైజు తీసుకోండి. ఎత్తు నిలదొక్కుకునే దాకా కొత్త పటర్ మీద పెద్ద మొత్తం పెట్టకండి. ఆ డబ్బుతో కోచ్ దగ్గర నాలుగు పాఠాలు ఎక్కువ చెప్పించండి, ఇంట్లో తివాచీ మీద 64 మిల్లీమీటర్ల గేటు పెట్టి రోజూ ఇరవై బంతులు కొట్టించండి.